ఒకే దూలం కింద

నేను ఒక రేకు గొడుగును. గొడుగు అనగానే మీకు వాన గుర్తొస్తుంది. నాకు కర్ర లేదు, నేను మడత పడను, నన్ను పట్టుకొని ఎవరూ బజారుకు పోరు. కొట్టంలో దూలానికి కట్టిన తాడు మీద, నేలకు మూరెడు ఎత్తున వేలాడడం నా ఉద్యోగం. గుడ్డు పగిలి ఒక్కరోజైన కోడిపిల్లలు నా కింద నిలబడతాయి. తల్లికోడిని చూడకుండా పుట్టిన పిల్లలకు నేనే తల్లి రెక్క.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. నాకు సొంత వేడి లేదు. కింద బల్బు వెలిగినా, కుంపటి మండినా ఆ వేడిని పైకి పోనివ్వకుండా మళ్ళీ కిందికే పంపుతాను. నేను నేర్చిన విద్య అంతే. కింద ఏమీ లేనప్పుడు నా కింద నిలబడడమూ ఆరుబయట నిలబడడమూ ఒకటే. ఈ సంగతి పిల్లలకు తెలియదు. వాటికి నా మీద నమ్మకం ఎక్కువ.

నన్ను చేసినవాడు ఖాజామియా. జగిత్యాల బస్టాండు వెనక వడ్ల డబ్బాలు, ట్రంకు పెట్టెలు చేసేవాడు. నా రేకు మొదట ఒక పెళ్ళి పెట్టె కోసం వచ్చింది. పిల్లకు పిల్లగాడు నచ్చలేదు, పెట్టె అక్కర్లేకపోయింది. రేకు మూలకు పడి ఉంటే కోళ్ళఫారం వాళ్ళు ఇరవై గొడుగులు కావాలని వచ్చారు. ఆయన నన్ను గుండ్రంగా కోసి, సుత్తితో కొట్టి గిన్నెలాగ వంపు తీసి, నడినెత్తిన పొగ పోవడానికి చిల్లు పెట్టి, బల్బులకు రెండు హోల్డర్లు బిగించాడు. దారిన పోయే వాళ్ళు "గిదేంది మియా?" అని అడిగితే, "కోడిపిల్లల దావత్ ఉన్నది, టోపీలు కుడుతున్న" అనేవాడు.

ఫారంలో నేను చాలా ఏండ్లు ఉన్నాను. బుచ్చవ్వను మొదట చూసింది అక్కడే. ఊక మార్చడానికి, నీళ్ళు పెట్టడానికి వచ్చే కూలి మనిషి ఆమె. ఫారం యజమాని వేడి తెలుసుకోవడానికి గోడకు పాదరసం గొట్టం తగిలించి, రోజుకు నాలుగుసార్లు దాని ముందు నిలబడేవాడు. బుచ్చవ్వ ఆ గొట్టాన్ని చూసేదే కాదు. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి వెనక్కి తిప్పి పిల్లల వీపుల ఎత్తున పెట్టేది. ఎన్నో వేల జొన్నరొట్టెలు కాల్చిన చెయ్యి, దానికి తెలుస్తుంది.

"సారూ, పిల్లలకు సలి వెడుతున్నది."

"గోడ మీద చూడు బుచ్చవ్వా, తొంభై ఐదు డిగ్రీలుంది."

"పిల్లలు గోడ మీద ఉన్నయా సారూ?"

ఆయన నవ్వాడు గానీ గొట్టాన్ని గోడ మీది నుంచి తీసి నేలకు దగ్గరగా కట్టాడు. మనుషులు తప్పు ఒప్పుకోవడానికి నోటి కంటే చేతులే ఎక్కువ వాడతారని నేను అప్పుడే గమనించాను.

పిల్లల భాష నాకు నేర్పింది బుచ్చవ్వే. వేడి సరిపోతే పిల్లలు ఆరబోసిన జొన్నల్లాగ సమంగా పరుచుకుంటాయి, గొంతులోనే కూనిరాగం తీస్తాయి. వేడి ఎక్కువైతే నన్ను వదిలి అంచులకు పోయి నోళ్ళు తెరుస్తాయి. చలేస్తే నా కిందికి కుప్పగా దూరి కీచుమని ఏడుస్తాయి. ఆ కీచు గొంతు వేరు, ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు.

తర్వాత ఫారానికి గ్యాసు పొయ్యిలు వచ్చాయి. మా ఇరవైమందిని బయట పడేశారు. బుచ్చవ్వకు అప్పటికి మోకాళ్ళు పోయి పని మానేసే వయసు. పోతూ పోతూ నన్నొక్కదాన్ని అడిగి తీసుకుంది. ఆ రోజు తొవ్వలో వాన పడితే నన్ను బోర్లా నెత్తిన పెట్టుకుంది. ఖాజామియా చిల్లులోంచి నీళ్ళు ఆమె పాపట మీద పడ్డాయి. "గొడుగని తెచ్చుకుంటే నెత్తి మీదనే పోస్తివి గదనే" అని నన్ను తిట్టుకుంటూ ఇల్లు చేరింది. నేను వానకు గొడుగునైంది ఆ ఒక్కరోజే.

ఆ ఇంట్లో ఆమెతో ఉండేది చిన్న కోడలు స్వరూప. స్వరూప భర్త పేరు తిరుపతి. గ్రానైట్ లారీ డ్రైవరు, బండరాళ్ళు కాకినాడ ఓడరేవుకు చేరవేస్తాడు, నెలలో నాలుగు రోజులు ఇంటి పట్టున ఉంటే గొప్ప. పెద్దకొడుకు రాజేశం అదే వాడలో వేరే ఇంట్లో ఉంటాడు. కులంలో మాట చెల్లే మనిషి.

స్వరూప ఉన్న మహిళా సంఘంలో ఇరవైమంది ఆడవాళ్ళు. పెరట్లో పెంచుకోవడానికి వాళ్ళకు మనిషికి పది చొప్పున కోడిపిల్లలు ఇస్తామని పశువుల దవాఖాన వాళ్ళు చెప్పారు. కాకపోతే ఒక్కరోజు పిల్లల్ని ఎవరికి వాళ్ళకు ఇస్తే రెండు రోజుల్లో చస్తాయి. అందుకని ఒక్కరే నాలుగు వారాలు సాకి, ఈకలొచ్చాక అందరికీ పంచాలి. ఎవరు సాకుతారంటే అందరూ చీర కొంగులు సర్దుకుంటూ కూర్చున్నారట. స్వరూప చెయ్యెత్తింది. "సచ్చినయంటే సంఘంల మొకమెట్ల సూపిస్తవే?" అని ఎవరో అంటే, "మా అత్తమ్మ ఉన్నది. మీ పిల్లలు మీ చేతికొస్తయి, ఇది నా మాట" అన్నదట. ఇంటికొచ్చి ఆ మాటే చెబితే బుచ్చవ్వ గోడకు తగిలించి ఉన్న నన్ను దించి చింతపండుతో తోమింది.

పిల్లలు శ్రావణమాసం ముసురులో వచ్చాయి. చిల్లుల అట్టపెట్టెల్లో రెండు వందలు, నూటికి రెండు కొసరు. కొట్టంలో ఊక పోసి, పైన పాత పేపర్లు పరిచి, చుట్టూ రేకు కంచె కట్టి, నడుమ నన్ను వేలాడదీశారు. బుచ్చవ్వ ఒక్కొక్క పిల్ల ముక్కును బెల్లం నీళ్ళలో ముంచి లోపల వదిలింది. రెండు వందల నాలుగు ముక్కులు. "నీళ్ళ రుసి తెలిస్తే బతుకు రుసి తెలుస్తది" అన్నది కోడలితో. "బల్బును సూడకు పిల్లా, పిల్లల్ని సూడు."

రెండో రోజు గాలికి స్తంభం పడి కరెంటు పోయింది. బుచ్చవ్వకు అదేమీ కొత్త కాదు. మట్టి కుంపటిలో బొగ్గులు రాజేసి, పొగంతా పోయి ఎర్రబడ్డాక నా కింద పెట్టి, చుట్టూ ఇటుకలు పేర్చింది. పిల్లలు మళ్ళీ జొన్నల్లాగ పరుచుకున్నాయి.

మూడో రోజు పొద్దున కుంపటిలో కొత్త బొగ్గులు వేసి, విసనకర్రతో విసురుతూ, "పిల్లా, జర ఈడికి రా, రొమ్ముల బరువుగున్నది" అని పిలిచింది. స్వరూప వచ్చేసరికి కంచెను ఆనుకొని కూర్చునే ఉంది. విసనకర్ర చేతిలోనే ఉంది. నా కింద బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. బుచ్చవ్వ లేదు.

స్వరూప అరుపుకు వాడంతా వచ్చింది. ఆమెను ఎత్తుకుపోయి నడింట్లో దక్షిణం తలపెట్టి పడుకోబెట్టారు. తల్లికి కొరివి పెట్టాల్సింది చిన్నకొడుకు. తిరుపతికి ఫోన్ పోయింది. కాకినాడలో లారీ వదిలేసి బయలుదేరాను, పొద్దుగూకే యాళకు వస్తానన్నాడు. అంటే అప్పటిదాకా శవం లేవదు.

కాసేపటికి రాజేశం కొట్టంలోకి వచ్చాడు. తల్లి కూర్చున్న చోటు చూసి కండ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా కింద ఎరుపు చూశాడు.

"ఏందిది? కుంపటి ఇంకా మండుతున్నది?"

"పిల్లలకు బావా. మూడొద్దుల పిల్లలు, కరెంటు లేకపాయె" అంది స్వరూప.

"సావైన ఇంట్ల అగ్గి ఉండద్దని నీకు తెల్వదా? పీనుగ లేసేదాక పొయ్యి రాజెయ్యం. అవ్వ నడింట్ల పండుకున్నది, ఈడ అగ్గి మండుతదా?"

"ఇది పొయ్యి గాదు గద బావా. ఇల్లు సుత గాదు, కొట్టం."

రాజేశం తలెత్తి నేను వేలాడుతున్న దూలాన్ని చూపించాడు. "ఇంట్లకెల్లి ఈడిదాక ఒకటే దూలం. మా నాయిన ఏసిండు. ఒక దూలం కింద ఉన్నదంత ఒకటే ఇల్లు."

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది. తల్లికి ఏ లోపమూ జరగకూడదనుకున్న కొడుకు ఆయన. చెంబెడు నీళ్ళు తెచ్చి కుంపటి మీద కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచి నా కడుపుకు తగిలింది. మట్టి కుంపటి టప్పున పగిలి రెండు పెంకులైంది. అది బుచ్చవ్వ చేతులతో రాజేసిన నిప్పు. ఆమె కంటే గంటసేపు ఎక్కువ బతికింది.

రేకు చల్లబడడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా? వక్క నమిలి ఊసేంత సేపు. పిల్లలు ముందు నా వైపు చూశాయి. తర్వాత నా కిందికి రావడం మొదలుపెట్టాయి. అలవాటు వాటిది. వెచ్చదనం ఇక్కడుంటుందని వాటికి మూడు రోజుల అనుభవం ఉంది, వాటి జన్మంతా కలిపి మూడు రోజులే. తడక సందుల్లోంచి ఈదురుగాలి కొడుతుంటే ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కింద ఉన్నవాటికి వెచ్చదనం దొరికింది, ఊపిరి అందలేదు. పైన ఉన్నవాటికి ఊపిరి ఉంది, వెచ్చదనం లేదు. కీచు గొంతులు మొదలయ్యాయి.

నడింట్లో ఏడుపులు, కొట్టంలో ఏడుపులు. శవం దగ్గర కూర్చున్న ఒక ముసలామె చెవి ఒగ్గి విని, "సూసినవా, బుచ్చవ్వ కోసం కోడిపిల్లలు సుత ఏడుస్తున్నయి. జీవాలకు ఎంత పానమో!" అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునని ముక్కులు చీదారు. ఆ ఏడుపు దేనికో తెలిసిన మనిషి ఆ ఇంట్లో స్వరూప ఒక్కతే, తెలిసిన ఇంకో మనిషి చాప మీద ఉంది.

కోడలు శవం దగ్గర నుంచి లేవకూడదట. అయినా నీళ్ళకని ఒకసారి లేచి వచ్చింది. కుప్పను రెండు చేతులా విడదీసింది. అడుగున ఉన్నవాటిని తీసి పక్కన పెట్టింది. అవి కదల్లేదు. అత్త పాత చీరను నా మీద కప్పింది. చలిలో రేకుకు చీర కడితే ఏమొస్తుంది? ఆమెకూ తెలుసు. ఏదో ఒకటి చెయ్యకుండా చేతులు ఊరుకోవు.

పక్కింటి జమున సంఘంలో మనిషి. తడక దగ్గరికి వస్తే స్వరూప ఆమె చెయ్యి పట్టుకుంది.

"జమునా, పిల్లల్ని ఒక్కపూట మీ ఇంట్ల పెట్టుకో. మీ పొయ్యి పక్కన. నీ కాళ్ళు మొక్కుత."

"సావింట్ల జీవాలను పీనుగ లేవకముందు మా ఇంటికి తెస్తే మా అత్త నన్ను సుత ఆ పీనుగ పక్కన పండవెడ్తది అక్కా" అని జమున ఏడుపు మొహం పెట్టింది. "ఆగు, వేడినీళ్ళు తెస్త."

తెచ్చింది. పాల క్యాను నిండా. మూత బిగించి నా కింద పెడితే ఒక గంటసేపు నేను మళ్ళీ గొడుగునయ్యాను. పిల్లలు క్యాను చుట్టూ మెడలు వాల్చి నిద్రపోయాయి. క్యాను చల్లారాక జమున దాన్ని తీసుకొని పోయింది. మళ్ళీ రాలేదు. "సావింటికి పోయొచ్చిన క్యాను మళ్ళ పొయ్యి మీద పెడ్తవానె?" అని వాళ్ళ అత్త అరుపు మాత్రం గోడ దాటి వచ్చింది.

మధ్యాహ్నం దాటింది. చావింటికి ఇరుగుపొరుగు వాళ్ళు వాళ్ళ పొయ్యిల మీద కాచిన చాయ తెచ్చారు. వచ్చినవాళ్ళంతా వేడివేడిగా ఊదుకుంటూ తాగారు. పక్కింటి పొయ్యి మీద కాగిన చాయకు దూలం అడ్డం రాలేదు. స్వరూప తన గ్లాసు కొట్టంలోకి తెచ్చి రెండు పిల్లల్ని దానికి ఆనించి పట్టుకుంది. గ్లాసు ఎంత, దాని వేడి ఎంత. ఆ రెండూ ఆమె అరచేతిలోనే చల్లబడ్డాయి. గ్లాసు కింద పెట్టి, "అత్తమ్మా, నేనేం జెయ్యాలె" అని అడిగింది. ఎవరిని అడిగిందో ఆ వైపు నేను తప్ప ఎవరూ లేరు.

కీచు గొంతులు తగ్గుతూ వచ్చాయి. ముసలామె నడింట్లోంచి, "పిల్లలు ఏడ్సి ఏడ్సి పండుకున్నయి" అన్నది.

సాయంత్రం తిరుపతి వచ్చాడు. పొడుగు మనిషి, నడింట్లో కూలబడి తల్లి పాదాలు పట్టుకున్నాడు. స్నానానికి బుచ్చవ్వను బయటికి తెచ్చారు. తడక సందులోంచి నాకు అరుగు కనిపిస్తుంది. అక్కడ టార్పాలిన్ కింద రాజేశం కొత్త కుండలో పిడకలు పేర్చి నిప్పు రాజేశాడు. శవం ముందు నడిచే అగ్గికుండ అది. కుంపటి ఆరాక ఆ ఇంట్లో వెలిగిన మొదటి నిప్పు.

స్వరూప కొట్టంలోకి వచ్చి పగిలిన కుంపటి పెంకు తీసుకుంది. అత్తకు నీళ్ళు పోసిన తడిచీరతోనే అరుగు దగ్గరికి పోయి, కుండలో పెంకు ముంచి, ఎర్రటి పిడక నిప్పులు ఎత్తుకుంది.

"ఏయ్! ఏం జేస్తున్నవే? అది అవ్వకు కొరివి వెట్టే అగ్గి!" రాజేశం గొంతుకు వాకిట్లో వాళ్ళంతా తిరిగి చూశారు.

స్వరూప ఆగింది. పెంకు వేడికి వేళ్ళు మార్చుకుంటూ, "అవ్వ పొద్దుగాల రాజేసిన అగ్గిని నువ్వు ఆర్పినవు బావా. అవ్వ అగ్గినే అవ్వ పిల్లలకు తీస్కపోతున్న. నన్ను తర్వాత కొట్టుండ్రి" అంది.

రాజేశం తమ్ముడి వైపు చూశాడు, నీ భార్యకు చెప్పుకో అన్నట్టు. తిరుపతి తడి మొహం తుడుచుకొని, పిడకల తట్ట దగ్గరికి జరిగి, "కుండల అగ్గి తక్కువైంది అన్నా. ఇంకో రెండు పిడకలేస్తున్న" అన్నాడు. వేశాడు.

బుచ్చవ్వ పాడె వాకిలి దాటేసరికి నా కింద మళ్ళీ వేడి పుట్టింది. పిడకల పొగకు కండ్లు మండుతున్నా స్వరూప తడక తీసిపెట్టి, ఇటుకలు పేర్చి, చెయ్యి వెనక్కి తిప్పి పిల్లల ఎత్తున పెట్టింది. ఇన్ని రోజులూ అత్త చేసినట్టే. బతికినవి ఒక్కొక్కటీ కదిలి పరుచుకున్నాయి. ఇప్పుడు స్థలం చాలా ఉంది. ఎనభై ఒకటి. మిగిలిన నూట ఇరవై మూడింటిని అవి వచ్చిన అట్టపెట్టెల్లోనే మళ్ళీ సర్దింది. వచ్చినప్పటిలాగే వరసలుగా పెట్టింది, ఎందుకో.

మూడో రోజు పిట్టకు పెట్టారు. చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. వాగు పొంగి శ్మశానానికి దారి లేక, కొట్టం ముందు వాకిట్లోనే విస్తరి పెట్టారు. కాకి రాలేదు. రాజేశం చేతులు కట్టుకొని, "అవ్వా, తమ్మున్ని మంచిగ సూసుకుంట" అన్నాడు. రాలేదు. "నీ పేర బీదోళ్ళకు అన్నం వెడ్త" అన్నాడు. రాలేదు. అందరికీ ఆకలి దంచుతోంది. చివరికి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "కొట్టంల అగ్గి ఆర్పిన అవ్వా. తప్పయింది" అన్నాడు.

అప్పుడు కాకి వచ్చిందని చెబితే మీకు బాగుంటుంది. రాలేదు. ముసురులో కాకులు ఎక్కడ తలదాచుకున్నాయో. విస్తరిని ఆవుకు పెట్టి అందరూ లేచారు. రాజేశం మాత్రం చాలాసేపు లేవలేదు.

నాలుగు వారాలకు పిల్లలకు ఈకలొచ్చాయి. మధ్యలో ఇంకో ఏడు పోయాయి. సంఘం ఆడవాళ్ళు గంపలతో వచ్చారు. ఏ నిప్పుతో బతికాయో స్వరూప దాచవచ్చు. సగం మందికి తెలియదు కూడా. ఆమె అందరికీ చెప్పింది. "నా మాట నిలువలేదు. పది ఇయ్యలేను, మూడేసి ఇస్త. ఇవి మా అత్తమ్మ అగ్గికుండ అగ్గికి బతికినయి. ఇష్టమున్నోళ్ళు తీస్కపోండ్రి." తొమ్మిదిమంది ఖాళీ గంపలతో పోయారు. పదిమంది తీసుకున్నారు. జమున అత్త వద్దన్నది. జమున గంపలో కాకుండా కొంగులో మూడు దాచుకొని పోయింది.

మళ్ళీ పిల్లలు ఇస్తామని దవాఖాన వాళ్ళు కబురు పంపింది చలికాలంలో. స్వరూప ఊక ఆరబోస్తుంటే రాజేశం రంపం పట్టుకొని వచ్చాడు. వెంట ఒక టేకు గుంజ. ఇంటికీ కొట్టానికీ మధ్య దూలం కింద గుంత తవ్వి గుంజ పాతాడు. నిచ్చెన ఎక్కి దూలం కొయ్యడం మొదలుపెట్టాడు. రంపపు పొట్టు నా వీపు మీద రాలింది.

"బావా! ఏం జేస్తున్నవ్? ఇల్లు కూలుతది!"

"కూలది. గుంజ పాతిన గద."

"మామ ఏసిన దూలం బావా అది!"

ఆయన రంపం ఆపలేదు. దూలం తెగి, పైకప్పుతో సహా జానెడు సందు పడ్డాక నిచ్చెన దిగాడు. చెమట తుడుచుకుంటూ, నేల చూస్తూ అన్నాడు.

"ఇంక ఇవి రెండిండ్లు పిల్లా. ఎవ్వలు సచ్చినా నీ కుంపటి మండొచ్చు."

ఆచారాన్ని కొయ్యడానికి మనుషులకు చెయ్యి రాదు, దూలాన్ని కోస్తారు. ఆ రంపం ఆరు నెలల ముందు ఆయన చేతికి వచ్చి ఉంటే అనిపిస్తుంది. అయితే అనుకోవడానికి నేనెవరిని, రేకును.

ఆ తర్వాత ఆ ఇంట్లో చావు జరగలేదు. కోసిన దూలం పనికొచ్చిందా లేదా అనేది ఇంకా ఎవరికీ తెలియదు. స్వరూప నా కింద ఇంకో ఆరు దఫాల పిల్లల్ని సాకింది. ఇప్పుడామె కొట్టంలో గ్యాసు పొయ్యి ఉంది. నా అంచులను తుప్పు తినేసింది. నడినెత్తి చిల్లును తారుతో మూసి, నన్ను వెల్లకిలా తిప్పి, దూలం కోసిన సందు కింద పెట్టారు. వానొస్తే ఆ సందులోంచి నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళు పట్టడం ఇప్పుడు నా ఉద్యోగం. రేకు గుంటలో నా పాత పిల్లల పిల్లలు నీళ్ళు తాగుతాయి.

ముసురు పట్టినప్పుడు రాజేశం గోనెసంచి కప్పుకొని వస్తాడు. ముసలివాడైపోయాడు. సందుకు రేకు కొట్టిస్తానని తిరుపతి ఎన్నోసార్లు అన్నాడు, ఆయనే కొట్టనివ్వడు. వంగి, నన్ను రెండు చేతులా ఎత్తి, నీళ్ళు వాకిట్లో పారబోసి, మళ్ళీ అక్కడే పెట్టి పోతాడు. నిండుతాను. మళ్ళీ వస్తాడు. ఆ పొద్దు కుంపటి మీద పోసిన చెంబెడు నీళ్ళను ఆయన ఇంకా ఎత్తిపోస్తున్నట్టే ఉంటుంది నాకు.